ఆరిందనుకున్న జాబే చిమ్ముతుంది: వానల్లో సాల్ట్ బాత్ జాగ్రత్తలు

పోయిన వారం చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మా షెడ్డుకి రెండు వీధుల అవతల సాల్ట్ బాత్, అంటే ఇనుప భాగాల్ని గట్టిపరచడానికి ముంచే కరిగిన ఉప్పు తొట్టి, చిమ్మింది. గడ్జన్ పిన్నుల (ఇంజిన్‌లో పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్డుకి కలిపే పిన్నులు) బుట్ట దించుతున్న కుర్రాడికి మెడ, ముంజేయి కాలాయి. ముఖానికి షీల్డ్ ఉండబట్టి కళ్లు దక్కాయి. పలాస నుంచి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. వాళ్ల సూపర్‌వైజర్‌ని అడిగితే, "జాబ్ ఆరే ఉందన్నా, నేనే చేత్తో చూశాను" అన్నాడు. జాబ్ అంటే బాత్‌లో ముంచే ఇనుప భాగం. ఈ "చేత్తో చూశాను" అన్న మాట ఇరవై రెండేళ్లుగా వింటున్నాను. నా కళ్ల ముందు కాలినవాళ్లలో ఎక్కువమంది ఆ మాట నమ్మి కాలినవాళ్లే.

గ్లౌజులు, ఏప్రాన్ గురించి చెప్పను. అవి లేకుండా బాత్ దగ్గర నిలబడేవాడికి నేను చెప్పినా ఎక్కదు.

కేస్ హార్డెనింగ్ (ఇనుము పైపొరని గట్టిపరచడం) సాల్ట్ 850 నుంచి 950 డిగ్రీల మధ్య కరిగి ఉంటుంది. పైపొరకి నైట్రోజన్ పట్టించే నైట్రైడింగ్ బాత్ అయినా 570, 580 ఉంటుంది. నీళ్లు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతాయి, ఆ వేడికి ఇంకా ఎక్కువ. సాల్ట్ పైన పడ్డ చుక్క చిటపటలాడి పోతుంది. జాబ్‌తో పాటు అడుక్కి మునిగిన చుక్క అలా పోదు, తన మీదున్న సాల్ట్‌నంతా ఎత్తి మన మీద పోస్తుంది. ఆ చుక్క ఎక్కడ దాక్కుంటుంది? క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్ దారుల్లో, క్యామ్‌షాఫ్ట్ రంధ్రాల్లో, ఒకవైపే తెరిచిన బోల్టు రంధ్రాల్లో. వాషింగ్ నీళ్లు అక్కడే నిలుస్తాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మద్రాసు గాలికి రాత్రి షెడ్డులో వదిలిన చల్లటి ఇనుము మీద చెమ్మ కూడా పడుతుంది. చేత్తో తడిమితే పైభాగం సంగతి తెలుస్తుంది, రంధ్రం సంగతి తెలియదు.

అందుకే ప్రీహీట్, అంటే బాత్‌లో ముంచకముందే వేడి చేయడం. 350 నుంచి 400 డిగ్రీల ఓవెన్‌లో, వేడి జాబ్ నడిమధ్య దాకా దిగేదాకా ఉంచాలి. చిన్న పిన్నుకి పట్టే టైమ్, క్రాంక్‌షాఫ్ట్‌కి పట్టే టైమ్ ఒకటి కాదు. ఓనరు ఫోన్ చేసి లారీ నిలబడి ఉందంటాడు. ఉండనీయండి. ప్రీహీట్ కాని జాబ్ సాల్ట్‌లోకి పోకూడదు.

జాబ్ ఒక్కటే కాదు. కొక్కేలు, బుట్టలు, కట్టుతీగ, గరిటె, అన్నీ వేడి చేశాకే ముంచాలి. సాల్ట్ కూడా తేమ పీలుస్తుంది. మూత తెరిచి వదిలేసిన డబ్బాలోది గడ్డ కట్టిందంటే అందులో నీళ్లున్నట్టే. ఆరబెట్టి, కొంచెం కొంచెంగా వేయండి.

కరెంటు పోయినప్పుడు ఇంకో గండం. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానుకి ఎస్టేట్ మునిగినప్పుడు మా బాత్ పూర్తిగా గడ్డ కట్టింది. మళ్లీ వెలిగిస్తే అడుగు ముందు కరుగుతుంది, పైన పెచ్చు మూతలా బిగిసి ఉంటుంది. కింద ఒత్తిడి పెరిగి ఆ మూత ఎగిరిపోతుంది. గడ్డ కట్టకముందే కిందికి సన్నబడే ఇనుప రాడ్డు ఒకటి అడుగుదాకా దించి ఉంచండి. వెలిగించే ముందు దాన్ని లాగేస్తే దారి ఏర్పడుతుంది. ఆ తర్వాత నిదానంగా వేడి పెంచండి.

క్వెంచ్ ఆయిల్‌లో, అంటే వేడి జాబ్‌ని ముంచి చల్లార్చే నూనెలో, నీళ్లు 0.1 శాతం దాటకూడదు. దాటితే పొంగి నిప్పంటుకుంటుంది. నీళ్లు అడుక్కి దిగుతాయి కాబట్టి శాంపిల్ ట్యాంకు అడుగునుంచి తీయండి, పైనుంచి కాదు. వేడి పెనం మీద చుక్క వేస్తే చిటపటలాడిందా, ఆ రోజు పని బంద్.

ఇక మిగతావి.

ట్యాంకు మీద రేకు కారుతోందా, ముందు రేకు బాగుచేయించండి.

సైనైడ్ సాల్ట్, నైట్రేట్ సాల్ట్ పక్కపక్కన పెట్టొద్దు. కలిస్తే పేలుతుంది. గరిటెలు కూడా వేరు.

సైనైడ్ డబ్బా, యాసిడ్ డ్రమ్ము ఒకే నేల మీద ఉండొద్దు. షెడ్డులోకి నీళ్లొస్తే రెండూ కలుస్తాయి, వచ్చే గ్యాస్ ప్రాణం తీస్తుంది. ఎవరైనా పడిపోతే నోట్లో నోరు పెట్టి ఊదొద్దు.

గ్యాస్ కార్బురైజింగ్ ఫర్నేస్ (గ్యాస్‌తో ఇనుము పైపొరకి కార్బన్ పట్టించే కొలిమి) 760 డిగ్రీల కంటే దిగితే గ్యాస్ కట్టేసి నైట్రోజన్ పంపండి. కరెంటు ఇప్పుడే వచ్చేస్తుందని ఎదురు చూడొద్దు.

రెండు చివర్లూ మూసుకున్న గొట్టం బాత్‌లో వేయొద్దు. ఎంత ప్రీహీట్ చేసినా వేయొద్దు.

సాల్ట్ దగ్గర మంట లేస్తే నీళ్లు కొట్టొద్దు. పొడి ఇసుక. ఆ ఇసుక బకెట్ వానలో బయట పెట్టొద్దు, ఈ తప్పు కూడా చూశాను.

బాత్ పక్కన టీ గ్లాసు వద్దు. గొడుగు వద్దు. తడిసిన చొక్కాతో దగ్గరికి రావొద్దు.

చేత్తో చూసి ఆరిందనొద్దు.

షిఫ్ట్ మారేటప్పుడు ఏ ట్రే ఓవెన్‌లో ఎన్నింటికి పెట్టారో బోర్డు మీద రాయండి. టైమ్ రాయని ట్రే ఎవరిదైనా సరే, మళ్లీ ఓవెన్‌లోకే.