రోహిణి కార్తెకు ముందే: ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లకు యాంప్లిఫయర్ ఎంచుకునేవారికి జాగ్రత్తలు

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. ఆ ఎండకు రోళ్లు పగులుతాయని పెద్దలు ఎందుకన్నారో అనంతపురంలో మిట్టమధ్యాహ్నం గోడ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. దాని వెనకే మృగశిర ఉరుములు, ఆపైన ఆషాఢ గాలులు. రామగిరి, వజ్రకరూరు వైపు గాలిమరలను తిప్పే గాలే పొలాల దుమ్మునంతా ఇళ్లలోకి మోసుకొస్తుంది. వేడి, పిడుగు, దుమ్ము ఒకదాని వెంట ఒకటి వచ్చే ఈ రెండు మూడు నెలలు ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లకు కష్టకాలం. యాంప్లిఫయరో, స్పీకర్ యాంపుకు తగిలించే ఎనర్జైజర్ పెట్టెనో కొనాలనుకుంటున్నవారు ఆ కాలం రాకముందే కొన్ని సంగతులు చూసుకోవాలి. నా దగ్గర ఇలాంటి జత ఒకటి కొన్నేళ్లుగా ఉంది. వీణ మీటినప్పుడు తీగ కంపించి ఆగిపోయే చివరి క్షణం దాకా వినిపించే పరికరం ఇది. అది పాడైపోతే ఎంత బాధో తెలుసు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఈ హెడ్‌ఫోన్ పనిచేసే తీరు. చెవి పక్కన ఒకటి రెండు మైక్రాన్ల మందం ఉన్న ప్లాస్టిక్ పొర ఉంటుంది. దానికి అటూ ఇటూ చిల్లులున్న రెండు లోహపు పలకలు, అంటే స్టేటర్లు ఉంటాయి. పొర మీద ఎప్పుడూ స్థిరంగా వందల వోల్టుల విద్యుదావేశం నిలిపి ఉంచుతారు. దీన్ని బయస్ అంటారు. పాట తాలూకు సిగ్నల్ స్టేటర్లకు వెళ్లి ఆ పొరను ముందుకూ వెనక్కూ లాగుతుంది. అందుకే మామూలు హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ దీనికి చాలదు. 1960లో ఎస్‌ఆర్-1తో ఈ రకానికి పేరు తెచ్చిన జపాన్ కంపెనీ స్టాక్స్ తన మోడళ్లలో చాలావాటికి ఇచ్చిన కొలత చూడండి: 101 డెసిబెళ్ల శబ్దానికి 100 వోల్టుల సిగ్నల్ కావాలి. వోల్టేజి ఇంత కావాలి గానీ కరెంటు మాత్రం కొన్ని మిల్లీ ఆంపియర్లు చాలు, ఎందుకంటే హెడ్‌ఫోన్, తీగ కలిపి సుమారు 110 పీకోఫారడ్ల కెపాసిటర్ మాత్రమే, అంటే చాలా కొద్ది ఆవేశమే పట్టేది.

కొనేటప్పుడు మొదట సరిచూడాల్సింది బయస్. స్టాక్స్ పాత నార్మల్ రకానికి 230 వోల్టులు, ప్రో రకానికి 580 వోల్టులు. అమెరికా కంపెనీ కోస్ చేసిన ఈఎస్‌పీ 950 హెడ్‌ఫోన్‌కు 600 వోల్టులు. నార్మల్ ప్లగ్గుకు ఆరు పిన్నులు, ప్రో ప్లగ్గుకు అయిదు. ప్రో ప్లగ్గు నార్మల్ సాకెట్టులో దూరుతుంది. అప్పుడు శబ్దం తగ్గుతుంది తప్ప ప్రమాదం లేదు. నార్మల్ ప్లగ్గుకున్న నడిమి పిన్ను ప్రో సాకెట్టులోకి పోదు. అలా పోకుండా కావాలనే చేశారు. కానీ పాత సామాను అమ్మేవారిలో కొందరు ఆ నడిమి పిన్ను కోసేసి ‘ఏ యాంపుకైనా సరిపోతుంది’ అని అమ్ముతారు. అలాంటి జతను నేను ఒకసారి చూశాను. 230 వోల్టుల పొర మీద 580 పెడితే అది స్టేటరుకు అతుక్కుపోతుంది, నిప్పురవ్వ లేస్తే చిల్లు పడుతుంది. అందుకే పాత జత కొనేముందు పిన్నులను దీపం వెలుగులో లెక్కపెట్టండి. కోసిన గుర్తు కనిపిస్తే ఎంత తక్కువ ధరైనా వద్దు.

ఇక గోడ కరెంటు. బంధువుల ద్వారా జపాన్ నుంచి తెప్పించుకుంటే ధర కలిసొస్తుంది గానీ, అక్కడి యాంప్లిఫయర్ 100 వోల్టులకు తయారైనది. మన 230 వోల్టులకు నేరుగా పెడితే క్షణంలో కాలిపోతుంది. ‘స్టెప్ డౌన్ పెట్టుకుంటాంలే’ అనుకుంటారు. మన అంగళ్లలో దొరికేవి ఎక్కువగా అమెరికా సామాను కోసం చేసిన 110 వోల్టులవి. 100 వోల్టుల యాంపుకు అదే పది శాతం ఎక్కువ. రాత్రివేళ బోర్ల మోటార్లు ఆగిపోయి లైను 250కి ఎగిరిందంటే 110 కాస్తా 120 దగ్గరికి వెళ్తుంది. పైగా చవక రకాలు చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. గోడ కరెంటుకూ మీ యాంపుకూ మధ్య వాటిలో ఎడం ఉండదు, ఎర్త్ తీగ ఉండదు. కొంటే సరిగ్గా 100 వోల్టులిచ్చే, రెండు వేర్వేరు చుట్లున్న, మూడు పిన్నులున్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకోండి. స్టాక్స్ ఎస్‌ఆర్‌ఎమ్-252ఎస్ లాంటి చిన్న యాంపుకు ఈ తంటా తక్కువ. అది 12 వోల్టుల అడాప్టరు మీద నడుస్తుంది, 4 వాట్లే తీసుకుంటుంది. అడాప్టరు మార్చేటప్పుడు ప్లస్, మైనస్ ఎటున్నాయో యాంపు వెనక గీసిన బొమ్మతో పోల్చుకుంటే చాలు.

ఎర్త్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ యాంపుల లోపల వందల వోల్టులు తిరుగుతుంటాయి. బయస్ తీగలో మెగా ఓముల రెసిస్టర్ ఉంటుంది. 4.7 మెగా ఓములైతే 580 వోల్టుల దగ్గర కూడా కరెంటు మిల్లీ ఆంపియరులో ఎనిమిదో వంతు దాటదు. స్టేటర్లకు వెళ్లే తీగల్లో మాత్రం అంత అడ్డు లేదు. లోపల ఏదైనా తీగ ఊడి పెట్టెకు తగిలితే కాపాడేది ఎర్త్ ఒక్కటే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేసవి చివరికి నేల ఇటుకలా ఎండుతుంది. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్త్ గుంత కూడా ఎండి కరెంటును లోనికి తీసుకోదు. ఇల్లు కట్టినప్పుడు వేసిన గుంత ఎక్కడుందో కూడా చాలామందికి గుర్తుండదు. వెతికి పట్టుకోండి, ఏప్రిల్ నుంచి వారానికి రెండు బిందెల నీళ్లు పోయండి. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పరీక్ష చేయించండి. ఇక్కడొక చిక్కుంది. మల్టీమీటరుతో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే పాడైన ఎర్త్ కూడా 230 చూపిస్తుంది, ఎందుకంటే మీటరు దాదాపు ఏమీ లాగదు. ఎర్త్ టెస్టరుతో నిరోధం కొలవమని అడగండి. అది లేకపోతే బల్బుతో ఎలా పరీక్షించాలో ఆయనకు తెలిసే ఉంటుంది, మీరు చెయ్యకండి.

వేడి విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మేడ మీద ఏసీ లేని గదిలో వినేవారు మే, జూన్ నెలల కోసం గాజు వాక్యూమ్ ట్యూబులతో నడిచే యాంపు కొనవద్దు. ట్యూబుల యాంపు సుమారు 50 వాట్లు తిని అంతా వేడిగానే వదులుతుంది. ట్రాన్సిస్టర్లతో చేసిన ఎస్‌ఆర్‌ఎమ్-353ఎక్స్ 30 వాట్లతో 400 వోల్టుల దాకా ఇవ్వగలదు. యాంపు లోపల ఆవేశాన్ని నిల్వ ఉంచే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు పది డిగ్రీల వేడి పెరిగిన కొద్దీ సుమారు సగానికి పడిపోతుంది. గది 42 డిగ్రీలుంటే పెట్టె లోపల ఎంతుంటుందో ఊహించండి. ట్యూబుల స్వరం మీద మనసుంటే తీసుకోండి, కానీ వేసవిలో తెల్లవారుజామున వినండి. పెట్టె పైన, పక్కల జానెడు ఖాళీ వదలండి. అద్దాల బీరువాలో మాత్రం పెట్టకండి.

ఇంట్లో మంచి స్పీకర్ యాంపు ముందే ఉంటే ఎనర్జైజర్ మన ఊళ్లకు నప్పే దారి. దాని లోపల ఉండేవి సిగ్నల్‌ను పెంచే ట్రాన్స్‌ఫార్మర్లు, బయస్ ఇచ్చే చిన్న సర్క్యూటు, అంతే. దాదాపు వేడెక్కదు. ట్రాన్స్‌ఫార్మర్ 25 రెట్లు పెంచేదైతే స్పీకర్ యాంపు నుంచి 8 వోల్టులు వస్తే చాలు, 200 వోల్టులు చేరతాయి. కొనేటప్పుడు పేరు చూసి మోసపోకూడదు. కోస్ తన పూర్తి యాంప్లిఫయర్‌నే ఎనర్జైజర్ అంటుంది. లోపల ఉన్నది ట్రాన్స్‌ఫార్మరా, యాంపా అని అడిగి తెలుసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెను స్పీకర్ టెర్మినళ్లకే కలపాలి, ఫోనుకో హెడ్‌ఫోన్ రంధ్రానికో కాదు. ఇంకో ప్రమాదం ఉంది. ఇప్పటి చిన్న క్లాస్-డి యాంపుల్లో చాలావాటికి నల్ల టెర్మినల్‌లో కూడా సిగ్నల్ ఉంటుంది. కొన్ని ఎనర్జైజర్లలో ఎడమ, కుడి నల్ల టెర్మినళ్లు లోపల కలిసి ఉంటాయి. ఈ రెండూ జతపడితే యాంపు కాలుతుంది. అన్నీ ఊడదీసి, మల్టీమీటరును కంటిన్యుటీ (తీగలు కలిసి ఉంటే కూసే) స్థానంలో ఉంచి ఎనర్జైజర్ రెండు నల్ల టెర్మినళ్ల మధ్య పెట్టి చూడండి. మీటరు కూస్తే అవి కలిసి ఉన్నట్టే, ఆ ఎనర్జైజర్‌కు అలాంటి క్లాస్-డి యాంపు పనికిరాదు. పాత ఎనర్జైజర్ గోడ ప్లగ్గు ఎన్ని వోల్టులకో కూడా వెనక పలక మీద చదవండి. గోడ ప్లగ్గే లేకుండా పాట నుంచే బయస్ తీసుకునేవి కూడా కొన్ని ఉన్నాయి. వాటిలో శబ్దం మొదట నీరసంగా మొదలై తర్వాత పుంజుకుంటుంది, అది లోపం కాదు.

ఇన్వర్టర్ మీద వినాలనుకుంటే సైన్‌వేవ్ రకమే ఉండాలి. చదరపు తరంగం ఇచ్చే వాటితో ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమని మోగుతుంది, వేడెక్కుతుంది.

దుమ్ము దగ్గర ఏ యాంపు కూడా సాయం చెయ్యలేదు, మన అలవాట్లే కాపాడాలి. ఆవేశమున్న పొర దుమ్మును లాక్కుంటుంది. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండలు పాలిష్ చేసే చోట్ల లేచే రాతిపొడి చాలా సన్ననిది, ఎక్కడికైనా చేరుతుంది. తాడిపత్రిలో ఒక మిత్రుడి హెడ్‌ఫోన్‌లో కుడి చెవి శబ్దం నెమ్మదిగా తగ్గిపోయింది. ఆయన దాన్ని బల్ల మీద తెరిచి ఉంచేవాడు. విన్న వెంటనే యాంపు ఆపి, హెడ్‌ఫోన్‌ను సంచిలోనో మూత ఉన్న పెట్టెలోనో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపరలు పడతాయి. వ్యాక్యూమ్ క్లీనరు అసలే వద్దు, పొర చిరుగుతుంది. తలస్నానం చేసిన తడి జుట్టుతో, చెమటతో పెట్టుకోకండి. వానలు మొదలయ్యాక తేమ వల్ల ఆవేశం కారిపోయి చిటపటలు, కీచుమనే శబ్దం రావచ్చు. అలాంటప్పుడు వాడటం ఆపి, రెండు మూడు రోజులు సిలికా జెల్ డబ్బాలో ఉంచండి.

గాలుల కాలానికి ముందు, తర్వాత కూడా ఒక పరీక్ష చెయ్యండి. ఒకే గొంతు ఉన్న మోనో పాట పెట్టి గంటసేపు వినండి. గొంతు తల మధ్యలోనే నిలవాలి. అది ఒక చెవి వైపు జరిగితే, యాంపు ఆపి ఇన్‌పుట్ తీగలు అటూ ఇటూ మార్చండి. లోపం రెండో చెవికి మారితే ప్లేయరులోనో దాని తీగలోనో ఉంది. మారకపోతే యాంపులోనో హెడ్‌ఫోన్‌లోనో ఉంది. అంతమాత్రాన మూత విప్పకండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది.

పడమటి దిక్కున మబ్బు కమ్మి మొదటి ఉరుము వినబడగానే స్విచ్చి ఆపితే సరిపోదు, ప్లగ్గును గోడ నుంచి పీకేయండి. యాంపుకు కలిపిన కంప్యూటర్ ప్లగ్గు, దానికి వచ్చే ఇంటర్నెట్ తీగ కూడా తీసేయండి. పిడుగు ఆ దారిన కూడా వస్తుంది. వాన వెలిసి కరెంటు వచ్చాక అరగంట ఆగండి. ఆ అరగంటలో రెండు మూడుసార్లు పోయి వస్తుంది. లైను నిలకడగా ఉందనిపించాకే ప్లగ్గు పెట్టి, వాల్యూమ్ సున్నాలో ఉందో లేదో చూసుకుని స్విచ్చి వెయ్యండి.