కొండల నడుమ జలాశయం, ఒడ్డున రెండు రాత్రులు
మూడో పాఠం: నీటిమట్టం చదవడం

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చేసినవారి దగ్గర ఈపాటికి రెండు జవాబులు రాసిన కాగితం ఉండాలి. మీరు ఎంచుకున్న జలాశయంలో చేపలు పట్టే హక్కు ఎవరిది అన్నది మొదటి ప్రశ్న, దాని ఒడ్డున రాత్రి బస చేయడానికి ఎవరి అనుమతి కావాలి అన్నది రెండోది. మొదటిదానికి పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో ఎక్కువ చోట్ల వచ్చే జవాబు మత్స్య సహకార సంఘం, లేదా మత్స్యశాఖ దగ్గర లైసెన్సు తీసుకున్న మత్స్యకారులు. ప్రభుత్వం ఏటా ఉచితంగా వదిలే చేపపిల్లలు పెరిగేది వారి బతుకుదెరువు కోసం గనుక, సరదాకు గాలం వేయబోయే మనం ముందుగా సంఘం పెద్దలను కలిసి అడిగి, వారు సరేనన్నాకనే సంచి విప్పాలి. రెండోదానికి కట్ట, దాని పరిసరాలైతే నీటిపారుదల శాఖ, కొండవాలైతే అటవీ శాఖ అని వచ్చి ఉంటుంది. నల్లమలలో అమ్రాబాద్ టైగర్ రిజర్వు హద్దులో ఉన్న ఒడ్డును రాసుకున్నవారు మాత్రం ఆ పేరును ఇప్పుడే కొట్టివేయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తించే ఆ అడవిలో సొంతంగా గుడారం వేసుకోవడం, గాలం వేయడం కుదరవు. ఆ అడవి గుండా పోయే శ్రీశైలం రోడ్డునే రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసివేస్తారు.

ఇక ఈ పాఠం. ప్రయాణం ఏ తేదీన, గుడారం ఎక్కడ, గాలం ఎక్కడ, ఎర ఎంత లోతున అన్న నాలుగు ప్రశ్నలకూ జవాబు నీటిమట్టమే చెబుతుందని నా అభిప్రాయం. మనలో చాలామంది ఉగాదికో హోళీకో రెండు రోజుల సెలవు కలిసొచ్చిందని ముందుగా తేదీ పెట్టుకుంటారు. వానకాలంలో చూసి మురిసిపోయిన చోటికే ఫాల్గుణంలో వెళ్లి, నీరు చాలా దూరం వెనక్కి పోయి, మధ్యలో నెర్రెలు విచ్చిన ఒండ్రు మాత్రమే మిగిలి ఉంటే చేపలు లేవని తిరిగి వస్తారు. చేపలు అక్కడే ఉంటాయి, ఒడ్డు మాత్రం జరిగిపోయి ఉంటుంది.

అలా జరగడానికి కారణం మన వ్యవసాయ క్యాలెండరులోనే ఉంది. కృష్ణా పరీవాహకంలోని జలాశయాలు సాధారణంగా ఆగస్టు నుంచి అక్టోబరు లోపు నిండుతాయి. డిసెంబరు తరువాత యాసంగి వరికి కాలువలు వదలడం మొదలవుతుంది, పై నుంచి వచ్చే నీరు దాదాపు ఉండదు. ఎండ ముదిరేకొద్దీ ఆవిరయ్యేదీ పెరుగుతుంది. అందువల్ల మోదుగు పూసి, ఇప్పపూలు రాలడం మొదలయ్యే ఈ కాలంలో మట్టం దిగుతూనే ఉంటుంది. అయితే రోజూ ఒకే తీరుగా దిగదు. చాలా ప్రాజెక్టుల కింద కాలువను కొన్నాళ్లు వదిలి, కొన్నాళ్లు కట్టివేసి, తడుల లెక్కన నీరు ఇస్తారు. కాలువ పారే రోజుల్లో మట్టం చురుకుగా తగ్గుతుంది, కట్టేసిన రోజుల్లో దాదాపు నిలకడగా ఉంటుంది. నీరు తగ్గుతున్నప్పుడు చేప ఒడ్డును నమ్మదు, లోతుకు జరుగుతుంది. మట్టం నిలిచి రెండు మూడు రోజులైతే మళ్లీ మేతకు అంచుల దాకా వస్తుంది. కాబట్టి కాలువ కట్టేసిన తడి విరామంలో, మొదటి రెండు రోజులు వదిలేసి, ఆ తరువాతి రోజులకు ప్రయాణం పెట్టుకోవాలి. సెలవు దానికి కలిసిరాకపోతే సెలవునే మార్చుకోమంటాను.

పత్రికల్లో వచ్చే అంకెలను ఎలా చదవాలో ఇప్పుడు చూద్దాం. పెద్ద ప్రాజెక్టుల వివరాలు నీటిపారుదల శాఖ ప్రకటనల్లోనూ, పత్రికల జిల్లా పేజీల్లోనూ వస్తుంటాయి. పూర్తిస్థాయి మట్టం, ప్రస్తుత మట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో (వచ్చే నీరు), ఔట్‌ఫ్లో (పోయే నీరు) అని ఐదు అంకెలుంటాయి. శ్రీశైలం పూర్తిస్థాయి మట్టం సముద్రమట్టానికి 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590 అడుగులు. నిల్వను టీఎంసీల్లోనూ, ప్రవాహాన్ని క్యూసెక్కుల్లోనూ ఇస్తారు. సెకనుకు ఒక ఘనపుటడుగు పారితే అది క్యూసెక్కు, వంద కోట్ల ఘనపుటడుగులైతే టీఎంసీ. 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే ఒక టీఎంసీ అవుతుందని గుర్తుపెట్టుకుంటే ఈ రెండింటి మధ్య లెక్క తేలికవుతుంది. మనకు కావలసింది మాత్రం వరుసగా వారం రోజుల ప్రస్తుత మట్టం. దానిని ఒక పట్టీలో రాసుకుని, ఒక రోజు అంకెలోంచి మరుసటి రోజు అంకె తీసివేస్తే రోజుకు ఎంత దిగుతున్నదో బయటపడుతుంది. వివరాలు ముందుగా అందకపోయినా కంటికి కనబడే గుర్తులు ఉంటాయి. కొల్లాపూర్ దగ్గరి సోమశిలకు ఎదురుగా, ఆంధ్రప్రదేశ్ గట్టున ఉన్న సంగమేశ్వరం గుడి శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మునిగిపోయి, మట్టం బాగా పడిపోయాక తేలుతుంది. గుడి తేలిందన్న వార్త వచ్చిందంటే కొల్లాపూర్ వైపు ఒడ్డు కూడా చాలా దిగువకు జరిగిందని అర్థం.

మట్టం రెండు అంగుళాలు దిగితే నీటి అంచు ఎంత దూరం జరుగుతుంది అన్నది ఒడ్డు వాలును బట్టి ఉంటుంది. దీనిని కొలవడం ఈ పాఠంలో నేర్వవలసిన అసలు పని. మేస్త్రీలు గోడలకు లెవెల్ చూసే సన్నని పారదర్శక పైపు ఒకటి, ఒక కర్ర, ఒక టేపు చాలు. నీటి అంచున కర్రను నిటారుగా పాతి, నీటిపై సరిగ్గా ఒక అడుగు ఎత్తున గుర్తు పెట్టండి. పైపులో గాలి బుడగలు లేకుండా నీరు నింపి, ఒక కొసను ఒక మనిషి ఆ గుర్తు దగ్గర పట్టుకోవాలి. రెండో మనిషి రెండో కొసతో ఒడ్డు మీదికి నడుస్తూ, మొదటి కొసలో నీరు గుర్తుకు సరిగ్గా సమంగా ఉన్నప్పుడు తన కొసలోని నీరు నేలకు ఆనుకుని నిలిచే చోట ఆగాలి. అది నీటి అంచుకన్నా సరిగ్గా ఒక అడుగు ఎత్తున్న చోటు. అక్కడి నుంచి కర్ర దాకా టేపుతో కొలిస్తే ఎన్ని అడుగులు వస్తే అదే ఆ ఒడ్డు వాలు.

ఉదాహరణకు ఇరవై అడుగులు వచ్చిందనుకుందాం. మట్టం రోజుకు రెండు అంగుళాలు దిగితే అంచు రోజుకు నలభై అంగుళాలు, అంటే మూడు అడుగుల నాలుగు అంగుళాలు వెనక్కి పోతుంది, మూడు రోజుల్లో పది అడుగులు. అదే అరవై అడుగులు వచ్చే చదునైన ఒండ్రు ఒడ్డయితే రోజుకు పది అడుగులు, మూడు రోజుల్లో ముప్పై అడుగులు జరిగిపోతుంది. మొదటి సాయంత్రం నీటి పక్కనే వేసుకున్న మకాం మూడో ఉదయానికి బురద అవతల ఎందుకు మిగులుతుందో ఈ లెక్కే చెబుతుంది.

ఇదే కొలత నీటి లోపలి సంగతినీ చాలావరకు చెబుతుంది. నీరు పల్లమెరుగు అన్నారు గాని, పల్లం ఎక్కడుందో మనకు చెప్పేది బయట కనబడే వాలు. ఒడ్డు ఏ వాలులో దిగుతున్నదో అంచు దాటాక కొంత దూరం అదే వాలులో సాగుతుందని తీసుకోవచ్చు. అరవైకి ఒకటి ఉన్న ఒడ్డున పన్నెండు అడుగుల వెదురు గాలం ఎంత చాచినా రెండు మూడు అంగుళాల నీటిలోనే పడుతుంది, అక్కడ పరకలు తప్ప మరేమీ రావు. ఇరవైకి ఒకటి ఉన్నచోట రీలున్న గాలంతో నూరడుగులు విసిరితే ఐదడుగుల లోతు దొరుకుతుంది, రవ్వ చేపకు అది పనికొస్తుంది. కొండ నేరుగా నీటిలోకి దిగే చోట నాలుగైదుకు ఒకటి వాలు ఉండవచ్చు. వెదురు గాలం మాత్రమే ఉన్నవారు వెతకవలసింది అటువంటి చోటు. దేవరకద్ర దగ్గర పెద్దవాగుపై నిజాం కాలంలో కట్టిన కోయిల్‌సాగర్‌ను చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. రెండు గుట్టల మధ్య కట్టిన ఆ జలాశయంలో గుట్టల పక్కన ఒడ్డు నిలువుగా ఉంటుంది, వాగు వచ్చి కలిసే పైకొసన చదునుగా పరుచుకుంటుంది. కట్టకు, తూములకు, గేట్లకు మాత్రం దూరంగా ఉండాలి. అక్కడ గాలం వేయడానికి అనుమతి ఉండదు, ఉండకూడదు కూడా.

చదును ఒడ్డున కూడా ఒక ఆశ ఉంది. జలాశయం కట్టకముందు పారిన వాగు దారి అడుగున అలాగే ఉంటుంది. నీరు తగ్గేకొద్దీ చేపలు ఆ పాత వాగు లోతులోకి చేరతాయి. పైకొసన బయటపడిన వాగు గట్లు ఏ దిశగా నీటిలోకి దిగుతున్నాయో గమనించి, ఆ గీతను ఊహలో ముందుకు పొడిగిస్తే గాలం ఎటు విసరాలో తెలుస్తుంది. ఏ చేప ఏ మట్టాన మేస్తుందో కూడా దీనితో కలిపి చూడండి. బొచ్చె పై నీటిలో, రవ్వ నడిమి నీటిలో, మృగాల అనే చేప అడుగున మేస్తాయి. అందువల్ల నీటిపై తేలే బెండుకు, గాలపు కొక్కేనికి మధ్య దారం ఎంత ఉండాలన్నది ముందు లోతు తెలిస్తేనే నిర్ణయించగలం. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను తీరు వేరు. అది గాలి పీల్చడానికి పైకి వస్తుంది గనుక, లోతు లేని తుంగ, నాచు మధ్యన కూడా ఉండగలదు. ఎర్రని పిల్లలు గుంపుగా నీటిపై తేలుతూ కనబడితే తల్లీతండ్రీ కింద కాపలా ఉన్నాయని తెలుసుకుని, ఆ చోట గాలం వేయకండి. పట్టడం సులువే, కాని ఆ పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి.

ఖాళీ ప్లాస్టిక్ సీసాలు వరుసగా తేలుతుంటే అవి చెత్త కావు, సంఘం వారి వలకు కట్టిన గుర్తులు. సాయంత్రం వేసిన వలను తెల్లవారుజామున తీస్తారు. ఆ వరుసకు దగ్గరలో గాలం విసిరితే మన దారం, వారి వల రెండూ పాడవుతాయి.

గుడారం చోటుకు వద్దాం. ఒడ్డున రాళ్ల మీద, చెట్ల మొదళ్ల మీద నీరు నిలిచిన చార తెల్లగా కనబడుతుంది. అది నిండు మట్టం గుర్తు. గుడారం ఆ చారకు పైనే, గట్టి చెల్క నేల మీద వేయాలి. మార్చిలో వరద రాదు గదా అని చారకు కింద వేసేవారు వడగళ్ల వానను మరిచిపోతున్నారు, ఈ నెలల్లోనే అది వస్తుంది. ఎండిన వాగు పాయలో ఇసుక మెత్తగా ఉందని పడుకోవడం మరీ ప్రమాదం. చారకు, నీటికి మధ్య ఉన్న శిఖం భూమిలో, అంటే నీరు తగ్గాక బయటపడే నేలలో, కొందరు పంట పెట్టి ఉంటారు, అది వారి పొలమేనని చూసి నడవాలి. కట్టకు దిగువన మకాం ఎంత నీడగా ఉన్నా వద్దు. వనపర్తి జిల్లాలో 1959లో పూర్తయిన సరళాసాగర్‌లో మట్టం ఒక హద్దు దాటగానే మిగులు నీటిని బయటికి పంపే సైఫన్లు ఎవరూ తెరవకుండానే పారతాయి. ఆ జలాశయం కట్టకే 2019 డిసెంబరు 31న గండి పడింది, అదీ వానలు లేని రోజుల్లో.

ఒండ్రు మేటల మీద నడక గురించి ఒక హెచ్చరిక. పైన కాల్చిన పెంకులా ఎండి నెర్రెలు విచ్చి ఉంటుంది, నాలుగు వేళ్ల లోతున జిగట బురద ఉంటుంది. చేతికర్రతో ప్రతి అడుగునూ పొడిచి చూసి, కర్ర సులువుగా దిగితే వెనక్కి రావాలి. మోకాలి దాకా దిగబడినవారు కాలు గుంజుకోవడానికి పెనుగులాడకుండా, వెనక్కి వాలి కూర్చుని, బరువును పరిచి, ఒక్కొక్క కాలిని మెల్లగా తీసుకోవాలి. కృష్ణ ఒడ్డున మరొక జాగ్రత్త కూడా కావాలి. ఆ నదిలో మొసళ్లు ఉన్నాయి. చీకటి పడ్డాక నీటి అంచున కూర్చోవడం, అక్కడే చేపలు కడిగి పేగులు పారవేయడం చేయకూడదు. నిప్పు సంగతి ఐదో పాఠంలో వివరంగా చెబుతాను. అప్పటిదాకా, ఆకు రాలి కొండంతా ఎండుగడ్డిగా ఉన్న ఈ రోజుల్లో, చారకు పైన నిప్పు రాజేయరాదని మాత్రం గుర్తుంచుకోండి.

ఈ వారం అభ్యాసం మీ ఊరి చెరువు దగ్గరే చేయవచ్చు. రెండు వేర్వేరు చోట్ల పైపుతో వాలు కొలిచి, కర్ర మీద నీటి గుర్తు పెట్టి, వారం తరువాత అంచు ఎంత జరిగిందో టేపుతో చూసి, మీ లెక్కకు ఎంత దగ్గరగా వచ్చిందో రాయండి. తేడా ఎక్కువగా వస్తే చాలావరకు పైపులో బుడగే కారణం, దానిని వెళ్లగొట్టి మళ్లీ కొలవండి. మీరు వెళ్లబోయే జలాశయం కాలువను మళ్లీ ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు కడతారో కనుక్కోవడం రెండో పని. నీటిపారుదల శాఖ ఆఫీసుకు ఫోను చేస్తే తేదీలు చెబుతారు, అయితే తూము దగ్గర పనిచేసే లష్కర్‌ను అడిగితే ఆ తేదీల్లో ఏవి నిజంగా జరిగేవో చెబుతాడు. ఆ రెండు తేదీలు చేతికి వచ్చాకనే నాలుగో పాఠం తెరవండి. గాలం సైజు, దారం మందం, తౌడు-పల్లిచెక్క ఎర కలిపే పద్ధతి అందులో ఉంటాయి.