అటకెక్కిన వస్తువులు, అటకెక్కిన పనులు

ఒక పనిని వాయిదా వేయడాన్ని తెలుగులో ‘అటకెక్కించడం’ అంటాం. ఇంట్లో సామాను ఎలా పేరుకుపోతుందో ఈ ఒక్క మాటే చెబుతుంది. అటక మీదున్న పాత సూట్‌కేసు, సొరుగులోని పనిచేయని గడియారం, కుర్చీ వీపున వేలాడే చొక్కా, ఇవన్నీ ‘దీని సంగతి తరువాత చూద్దాం’ అనుకొని వదిలేసినవే. కాబట్టి ఇల్లు సర్దడానికి కూర్చోవడమంటే, నెలల తరబడి వాయిదా వేసిన చిన్న చిన్న నిర్ణయాలన్నింటినీ ఒకే చోట ఎదుర్కోవడమే. చేతులకంటే ముందు బుర్ర అలసిపోయేది అందుకే. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే పనిని ఎంతెంతగా విడగొట్టుకోవాలో కూడా తెలుస్తుంది.

ఋతువు మారే సమయం ఈ పనికి అనువైనదని అనడానికి బలమైన కారణం ఒకటుంది. ముగిసిన కాలంలో దేన్ని వాడామో, దేన్ని వాడలేదో అప్పుడు ఇంకా స్పష్టంగా గుర్తుంటుంది. చలికాలం మొత్తంలో ఒక్కసారి కూడా బయటికి తీయని ఉన్ని కోటు గురించి చలికాలం చివరి వారంలో తేల్చుకోవడం సులభం; అదే ప్రశ్నను మండు వేసవిలో వేసుకుంటే ‘చలి వస్తే పనికొస్తుంది కదా’ అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. జ్ఞాపకాన్ని నమ్మలేనివారు కొత్త కాలం మొదట్లో హ్యాంగర్లన్నింటినీ కొక్కెం మన వైపు తిరిగి ఉండేలా తగిలించి, తొడిగిన దుస్తులను మాత్రం మామూలుగా తగిలిస్తూ పోవచ్చు. కాలం ముగిసేనాటికి ఇంకా తిరగేసి ఉన్న హ్యాంగర్లే సాక్ష్యం చెబుతాయి.

ఒకే రోజులో ఇల్లంతా సర్దేయాలనే ఉత్సాహాన్ని అదుపులో పెట్టుకోవడం మంచిది. ఒక అర, ఒక సొరుగు, లేదా అలమరలో ఒక గడి చొప్పున తీసుకొని, అందులోని సామానంతా నేల మీదికి దించి, ఖాళీ అయిన చోటును తుడిచి, ఉండదగినవాటిని మాత్రమే తిరిగి లోపల పెట్టాలి. ‘ఏం తీసేయాలి’ అని వెతకడం కంటే ‘ఏం తిరిగి పెట్టాలి’ అని ఎంచడం వల్ల పని త్వరగా సాగుతుంది, ఎందుకంటే అప్పుడు ప్రతి వస్తువూ తన చోటును మళ్ళీ సంపాదించుకోవలసి వస్తుంది. నలభై, యాభై నిమిషాలు గడిచాక నిర్ణయాలు సన్నగిల్లి, చేతికందినదల్లా ‘ఉంచేద్దాం’ వైపు పోవడం మొదలవుతుంది. ఆ ఘడియ వచ్చిందని గ్రహించగానే ఆపేయాలి. ఉత్తరాలు, ఫొటోలు, పోయినవారి వస్తువులు చివరి రోజుకు ఉంచాలి. వాటితో మొదలుపెట్టినవారు మధ్యాహ్నానికి పాత ఆల్బమ్ ముందు కూర్చొని కనిపిస్తారు. కొత్త డబ్బాలు, బుట్టలు కొని తెచ్చి సర్దుదామనుకోవడం మరో పొరపాటు. తీసేయవలసిన సామానుకు కూడా మంచి ఇల్లు కట్టించినట్లవుతుంది.

వాడని వస్తువును వదులుకోవడం ఎందుకింత కష్టమో ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1980లో ఒక వివరణ ఇచ్చారు: మన సొంతమైనంత మాత్రాన ఒక వస్తువు మన కంటికి ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. 1990లో ఆయన డేనియల్ కానెమాన్, జాక్ నెచ్‌లతో కలిసి ప్రచురించిన ప్రయోగాల్లో, కాఫీ కప్పు చేతికందినవారు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, కప్పు లేనివారు కొనడానికి ఇస్తామన్న ధరకు సుమారు రెట్టింపు ఉంది. కప్పు వాళ్ళ దగ్గరికి వచ్చి ఎంతో సేపు కూడా కాలేదు. మరి పదేళ్ళుగా మన ఇంట్లో ఉన్న వస్తువు సంగతి చెప్పనక్కర్లేదు. అందువల్ల ‘ఇది పనికొస్తుందా’ అని అడగకుండా, ‘ఇది నా దగ్గర లేకపోతే ఈరోజు డబ్బు పెట్టి కొంటానా’ అని అడిగి చూడాలి. మొదటి ప్రశ్నకు ప్రతి వస్తువూ అవుననే అంటుంది.

దించిన సామాను ఉంచేవి, ఇచ్చేవి, పారేసేవి అని మూడు కుప్పలవుతుంది. ఇచ్చే కుప్ప గురించి నిజాయితీగా ఉండాలి. చిరిగిన దుప్పటిని దానమనే పేరుతో ఇంకొకరికి అప్పగిస్తే పారేసే శ్రమ వారి మీద పడుతుంది తప్ప మేలేమీ జరగదు. ఇవ్వదలచినవాటిని సంచిలో కట్టి గుమ్మం దగ్గరే పెట్టి, ఆ వారంలోనే ఇంటి బయటికి చేర్చాలి. లేకపోతే ఆ సంచే కొత్త అటకవుతుంది.

కొన్ని వస్తువులను చెత్తబుట్టలో వేయకూడదు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, పవర్ బ్యాంకుల్లో ఉండే లిథియం బ్యాటరీలు చెత్త బండిలో నలిగితే మంటలు అంటుకోవచ్చు, కాబట్టి వాటిని ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించే చోటికే పంపాలి. పాత ఫోను ఇచ్చేముందు ఫొటోలు భద్రపరచుకొని, ఖాతాల నుంచి బయటికి వచ్చి, సిమ్ తీసి, ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. గడువు దాటిన మందులను వెనక్కి తీసుకునే సదుపాయం ఉంటే అక్కడే అప్పగించాలి. వారంటీకి అవసరమైన రసీదులను వెంటనే ఫొటో తీసుకోవాలి, ఎందుకంటే చాలా రసీదులు ముద్రించే, వేడికి స్పందించే కాగితం మీది అక్షరాలు కొన్ని నెలల్లోనే వెలిసిపోవచ్చు.

ముగిసిన కాలపు దుస్తులను దాచే తీరు మీద వచ్చే ఏడాది మన శ్రమ ఆధారపడి ఉంటుంది. ఒకసారే తొడిగినా, శుభ్రంగానే కనిపించినా, ఉతకకుండా లోపల పెట్టకూడదు. కంటికి కనిపించని చెమట, నూనె మరకలు నెలలు గడిచేకొద్దీ పసుపు రంగుకు తిరిగి వదలకుండా పట్టుకుంటాయి. ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే లార్వా. చెమట, ఆహారపు మరకలున్న ఉన్ని దానికి మరింత ఇష్టం. బట్ట పూర్తిగా ఆరిందని అనిపించాక కూడా మడతల్లో, కుట్ల దగ్గర తడి మిగులుతుంది కనుక ఇంకొక పూట గాలికి ఉంచి మడవడం మేలు. తోలు వస్తువులను ప్లాస్టిక్ కవరులో బిగించి కట్టకండి, బూజు పడుతుంది. నెలల తరబడి వాడని టార్చిలైట్లు, బొమ్మల్లోంచి బ్యాటరీలు తీసేయాలి. అవి కారితే లోపల బ్యాటరీని తాకే లోహపు భాగాలు తుప్పు పట్టిపోతాయి.

ఇతరుల వస్తువుల జోలికి, మనకెంత చెత్తగా కనిపించినా, వారిని అడగకుండా వెళ్ళకూడదు. విలువ లేని వస్తువును వదులుకోవాలన్నా తీవ్రమైన బాధ కలిగి, ఇంట్లో నడిచే దారి కూడా మూసుకుపోతుంటే అది సోమరితనం కాదు. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 అనే మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథంలో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. ఆ స్థితిలో ఉన్నవారికి కావలసింది వైద్య సహాయం. వారు లేనప్పుడు గది ఖాళీ చేయడం వల్ల బాధ పెరుగుతుంది, నమ్మకం పోతుంది.

మనసు విషయానికి వస్తే, అక్కడ కూడా అటక ఉంది. పూర్తికాని పనులు పూర్తయిన వాటికంటే బాగా గుర్తుంటాయని మనస్తత్వవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రచురించారు. తరువాతి ప్రయోగాల్లో ఆ ఫలితం ప్రతిసారీ రాలేదు. కాని 2011లో మనస్తత్వవేత్తలు మాసికాంపో, బామైస్టర్‌లు చూపిన విషయం మనకు నేరుగా ఉపయోగపడుతుంది: పని పూర్తి చేయకపోయినా, ఎప్పుడు, ఎలా చేస్తామో నిర్దిష్టంగా రాసుకుంటే అది బుర్రలో పదేపదే మెదలడం తగ్గుతుంది. కాబట్టి ఒక కాగితం తీసుకొని, ఇవ్వని జవాబులు, కట్టని బిల్లులు, చేయని ఫోన్లు, చెప్పని క్షమాపణలు, వరుస లేకుండా రాసేయండి. తరువాత ఒక్కొక్కదాని పక్కన మొదటి అడుగును, దాని రోజును రాయాలి. ‘పళ్ళ సంగతి చూసుకోవాలి’ అన్నది అటకే, ‘మంగళవారం ఉదయం దంతవైద్యునికి ఫోన్ చేయాలి’ అన్నది నిర్ణయం. ఇక చేయబోమని తేలినవాటిని నిస్సంకోచంగా కొట్టేయండి. మూడేళ్ళుగా నేర్చుకుందామనుకుంటున్న వాద్యం మీద గీత గీసిన క్షణంలో కలిగే ఊరట ఖాళీ అయిన అలమర కూడా ఇవ్వదు. మన చేతిలో లేని ఆందోళనలకు మాత్రం మొదటి అడుగు ఉండదు. వాటిని వేరే కాగితం మీద రాసి, పనుల జాబితాలో కలపకుండా ఉంచడమే చేయగలిగింది.

2018లో 57 మంది యువతీ యువకులపై జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, పడుకునేముందు ఐదు నిమిషాలు రాబోయే పనులను రాసినవారు, ముగించిన పనులను రాసినవారికంటే త్వరగా నిద్రపోయారు. సర్దే రోజుల్లో ఈ అలవాటు మరింత పనికొస్తుంది, ఎందుకంటే వస్తువులు కదిపినప్పుడు వాటికి అంటుకున్న పనులు కూడా కదులుతాయి.

ఎంత ప్రయత్నించినా తేల్చుకోలేని వస్తువులు కొన్ని మిగులుతాయి. వాటిని ఒకే ఒక పెట్టెలో పెట్టి, మూత మీద వచ్చే ఋతువు మొదటి తేదీ రాయండి. ఆ తేదీ వచ్చాక పెట్టెను తెరవకుండానే ఇచ్చేయమని కొందరంటారు. నేను ఒప్పుకోను. అడుగున ఒక ముఖ్యమైన కాగితమో, ఎవరో ఇచ్చిన ఉంగరమో పడి ఉండవచ్చు. తెరిచి, అవి తీసుకొని, ఈలోగా ఒక్కసారి కూడా అవసరపడని మిగతా సామానును పెట్టెతో సహా గుమ్మం దగ్గరి సంచి పక్కన పెట్టండి.