తాళంతో లెక్కలు, 4వ పాఠం: తకిట, తకధిమి, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం)

పోయిన పాఠంలో ఎక్కాలను చప్పట్లతో చెప్పించాం. మూడో ఎక్కం అనగానే ప్రతి మూడో దెబ్బకీ పిల్లల చేతులు వాటంతట అవే కలుస్తుంటే ఈ పాఠంలోకి రండి. ఇంకా తడబడుతుంటే రెండు రోజులు అక్కడే ఆగండి, తొందరేం లేదు.

సూత్రాలను సినిమా పాట బాణీలో పాడించడం చాలా బళ్లలో జరుగుతోంది. గుర్తుండటానికి అది పనికొస్తుంది, కాదనను. కానీ సూత్రం తప్పుగా పాడినా ఆ బాణీ హాయిగా సాగిపోతుంది. లెక్క తప్పితే తాళం కూడా తప్పాలి. అలాంటి పాటే మనకి కావాలి. మృదంగం నేర్పేవాళ్లు మొదటి నుంచీ చెప్పించే జతులు, అంటే తాళానికి నోటితో పలికే అక్షరాల గుంపులు, సరిగ్గా ఇలాంటివే.

ఆరో తరగతి పిల్లల్ని రెండు జట్లుగా కూర్చోబెట్టండి. మొదటి జట్టుది ‘తకిట’, మూడు అక్షరాలు. రెండో జట్టుది ‘తకధిమి’, నాలుగు. మీరు బల్ల మీద సెకనుకి ఒక దెబ్బ చొప్పున సమానంగా వేస్తుండండి, దెబ్బకి ఒక అక్షరం. ‘త’ వచ్చినప్పుడల్లా ఆ జట్టు చప్పట్లు కొట్టాలి. రెండు జట్లూ ఒకేసారి మొదలుపెట్టాలి.

తకిట తకిట తకిట తకిట
తకధిమి తకధిమి తకధిమి

మొదట్లో కలిసి పడిన చప్పట్లు వెంటనే విడిపోతాయి. కాసేపు గందరగోళంగా వినిపిస్తుంది, ఆపకండి. ఉన్నట్టుండి రెండు జట్ల చప్పట్లూ మళ్లీ ఒక్కటిగా పడతాయి. పిల్లలు కేకలు వేస్తారు. వెంటనే అడగండి: “ఎన్నో దెబ్బకి కలిశాం?”

లెక్కపెట్టినవాళ్లు పదమూడు అంటారు. వాళ్లు చెప్పింది నిజమే, ‘త’లు కలిసింది పదమూడో దెబ్బ మీదే. తప్పు అని కొట్టిపారేయకండి. పోయిన పాఠంలో చప్పట్లు గుంపు చివర పడ్డాయి, ఈసారి గుంపు మొదట్లో పడుతున్నాయి. అందుకని మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ‘ట’ మీద, ‘మి’ మీద చప్పట్లు కొట్టించండి. అవి కలిసేది పన్నెండు మీద. రెండు గుంపులూ కలిసి ముగిసింది 12 దగ్గర, కలిసి మళ్లీ మొదలైంది 13 దగ్గర. ఈ తేడా ఇక్కడే తేలిపోవాలి. పిల్లలు రోడ్డు పక్కన చెట్ల లెక్కల్లో ఒకటి ఎక్కువో తక్కువో రాసేది సరిగ్గా ఇందుకే.

అప్పుడు బోర్డు మీద రాయండి: 3, 4ల క.సా.గు. 12. పేరు ఇప్పుడు చెబితే చాలు.

“అయితే రెండూ గుణిస్తే సరిపోతుంది కదా” అని ఒకరైనా అంటారు. అనకపోతే మీరే అనండి. ఇప్పుడు 4కీ 6కీ పెట్టండి. ఆరుకి ‘తక తకధిమి’ అనిపించి, మొదటి ‘త’కి మాత్రమే చప్పట్లు కొట్టించండి. అందరూ 24 కోసం ఎదురుచూస్తుంటే గుంపులు 12కే కలిసి ముగుస్తాయి! ఎందుకు? నాలుగులోనూ ఆరులోనూ రెండు ఉంది. ఉమ్మడిగా ఉన్న ఆ రెండుని గుణించేటప్పుడు రెండుసార్లు లెక్కేశాం. భాగహార పద్ధతిలో 2ని ఎడమవైపు ఒక్కసారే రాస్తామే, దాని పని ఇదే. తర్వాత 6, 8 చేయించండి. 24 వస్తుంది, 48 కాదు.

సంగీతం నేర్చుకునే పిల్ల ఎవరైనా ఉంటే ఆదితాళం వేయమనండి. ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆ తర్వాత దెబ్బ, అరచెయ్యి తిప్పడం రెండుసార్లు: మొత్తం 8 అక్షరాలు, ఇదే ఒక ఆవర్తనం. దాని మీద మిగతావాళ్లు ‘తకిట’ చెబుతూ పోవాలి. ఎనిమిది తకిటలు, మూడు ఆవర్తనాలు పూర్తయ్యాక ‘త’ మళ్లీ సమం మీద, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ మీద పడుతుంది. 8×3, 3×8, రెండూ 24. కచేరీలో తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనంలో మృదంగ విద్వాంసులు ముక్తాయింపు (ముగింపు జతి) వేసేటప్పుడు, అనుకున్న చోట దిగడానికి ఇలాంటి లెక్కే కట్టుకుంటారు.

ఇంటిపని: ఆదితాళం మీద ఐదక్షరాల ‘తకతకిట’ చెబితే ఎన్ని ఆవర్తనాలకి సమం మీదకి వస్తుంది? ముందు కాగితం మీద లెక్క కట్టి, తర్వాత చేత్తో వేసి సరిచూడాలి. ఓపికున్నవాళ్లు మూడు జట్లుగా 3, 4, 5 చెప్పి చూడండి. ఒక నిమిషం పాటు తాళం చెదరకుండా ఉండాలి. వచ్చే పాఠంలో ఒకే దెబ్బకి ఒకటి, రెండు, నాలుగు స్వరాలు పాడిస్తూ భిన్నాలు మొదలుపెడదాం.