కిటికీ పక్క మంచం

అక్క వరంగల్ ఎన్ఐటీలో చేరింది. వైజాగ్ స్టేషన్లో గోదావరి ఎక్స్‌ప్రెస్ కదిలేదాకా బాగానే ఉన్నాను. ఇంటికొచ్చాక, చెప్పుల స్టాండులో తన అర ఖాళీగా కనిపించేసరికి ఏడుపు ఆగలేదు.

మొదట్లో రోజుకు పదిసార్లు వీడియో కాల్ చేసేదాన్ని. తను క్లాసులో ఉండి ఎత్తేది కాదు. నేను అలిగేదాన్ని. రెండు వారాలు ఇదే గొడవ. చివరికి ఆదివారం రాత్రి ఒక్కసారే, తీరిగ్గా మాట్లాడుకుందాం అనుకున్నాం. మిగతా రోజుల్లో చిన్న వాయిస్ మెసేజ్ చాలు: "అమ్మ ఇవాళ పులుసులో ఉప్పు మర్చిపోయింది" లాంటివి. ఎలా ఉన్నావ్, తిన్నావా అనే ప్రశ్నలకంటే వీటికే అక్క పడీపడీ నవ్వుతుంది.

అసలు కష్టం సాయంత్రాలది. ఇద్దరం ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర కూర్చుని ఒకే పొట్లంలో మురీ మిక్సర్ తినేవాళ్లం. నెలరోజులు అటు వెళ్లనే లేదు. తర్వాత పక్కింటి పిన్నిని లాక్కెళ్లాను. ఆవిడ ఉల్లిపాయలు తీసేయమంటుంది, అదొక్కటే బాధ!

దసరాకి వస్తోందట. కిటికీ పక్క మంచం మాత్రం ఇప్పుడు నాది. ఇవ్వను.