టర్బో కారులో ఏ గ్రేడ్ ఆయిల్ పోయాలి? నెల్లూరు ఎండల్లో తిరిగేవాళ్లకి

మన నెల్లూరు, ఒంగోలు వైపు ఏ షెడ్డుకి వెళ్లినా ముందు వినిపించే మాట ఇది: "అన్నా, మన ఎండలకి పల్చటి ఆయిల్ ఆగదు, 20డబ్ల్యూ-50 పోసేద్దాం." నేనూ ఆ మాట విని ఒక రోహిణి కార్తెలో నా ఒక లీటరు టర్బో పెట్రోల్ కారుకి అదే పోయించాను. పొద్దున స్టార్ట్ చేస్తే ట్యాపెట్ల టకటక ఎంతసేపటికీ తగ్గదు, పికప్ మొద్దుబారింది, మైలేజీ పడిపోయింది. వెయ్యి కిలోమీటర్లు తిరక్కుండానే మొత్తం దింపేసి కంపెనీ చెప్పిన గ్రేడ్ పోయించాను.

ఆ అంకెల సంగతి ముందు చూద్దాం. డబ్ల్యూ అంటే వింటర్, దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్తుంది. 5డబ్ల్యూ ఆయిల్‌ని క్రాంకింగ్ (స్టార్టర్ ఇంజిన్‌ని తిప్పడం) కోసం మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 0డబ్ల్యూని మైనస్ 35 దగ్గర. మనకి సంక్రాంతి చలి కూడా ఒక చలి కాదు కాబట్టి 0 కావాలా 5 కావాలా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. మనం చూడాల్సింది రెండో అంకె. అది 100 డిగ్రీల దగ్గర చిక్కదనం: 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటిస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్) లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు.

ఇప్పుడు అసలు విషయం. బయట 30 డిగ్రీలున్నా 43 ఉన్నా థర్మోస్టాట్, రేడియేటర్ కలిసి కూలెంట్‌ని దాదాపు ఒకే వేడి దగ్గర పట్టి ఉంచుతాయి. ఆయిల్‌ని మరిగించేది ఎండ కన్నా మన కుడికాలు. కావలి నుంచి ఒంగోలుకి హైవే మీద నిలకడగా పోతుంటే ఆయిల్ 100 అటూ ఇటూ ఉంటుంది, అదే దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతూ బూస్ట్ (టర్బో నెట్టే అదనపు గాలి) వదలకుండా తొక్కినా, చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద వరసగా ల్యాపులు కొట్టినా 120 దాటిపోవచ్చు. 40 గ్రేడ్ ఆయిల్ 115 డిగ్రీలకి చేరితే దాదాపు 100 దగ్గరి 30 గ్రేడ్ అంత పల్చబడుతుంది. గట్టిగా తోలేవాళ్లకి ఒక గ్రేడ్ పెంచడంలో అర్థం ఉన్నది అందుకే, ఎండ వల్ల కాదు.

కాబట్టి ముందు మాన్యువల్ తీసి ఆయిల్ పేజీ చూడండి. అందులో రెండు మూడు గ్రేడ్‌లకి అనుమతి ఉంటే ఊళ్లో తిరిగేవాళ్లకి పల్చటిది చాలు, ఘాట్, ట్రాక్ అలవాటున్నవాళ్లు అందులోనే చిక్కటిది తీసుకోండి. కార్లో ఆయిల్ టెంపరేచర్ చూపిస్తే ఒక వారం గమనించి తేల్చుకోవడం ఇంకా మంచిది. మాన్యువల్‌లో లేని గ్రేడ్‌కి పోతే వారంటీ గొడవ, పైగా వీవీటీ (వాల్వులు తెరుచుకునే టైమింగ్‌ని మార్చే ఏర్పాటు) చాలా కార్లలో పనిచేసేది ఆయిల్ ప్రెషర్ మీదే, దానికి మరీ చిక్కటిది సరిపడదు.

డబ్బా మీద గ్రేడ్ ఒక్కటే చూసి కొనకండి, దయచేసి. ఆయిల్ డేటా షీట్‌లో హెచ్‌టీహెచ్‌ఎస్ అని ఒక అంకె ఉంటుంది, 150 డిగ్రీల వేడిలో బేరింగుల మధ్య నలిగేటప్పుడు మిగిలే చిక్కదనం అది. 30 గ్రేడ్‌కి కనీసం 2.9 ఉంటే చాలు, కానీ ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) ప్రమాణం సీ3 గానీ ఏ3/బీ4 గానీ రాసున్న 5డబ్ల్యూ-30కి 3.5కి తగ్గకూడదు. అంటే రెండూ 5డబ్ల్యూ-30లే, బేరింగుకి దొరికే రక్షణ మాత్రం వేరు. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ని నేరుగా సిలిండర్లోకి చిమ్మే రకం) అయితే డబ్బా మీద ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్‌పీ రేటింగ్ ఉన్నది తీసుకోండి, తక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా తొక్కినప్పుడు వచ్చే నాకింగ్ లాంటి దెబ్బని అడ్డుకునేలా దాన్ని పరీక్షిస్తారు.

ట్రంక్ రోడ్డు నుంచి మాగుంట లేఅవుట్ దాకా, మళ్లీ వెనక్కి, ఇలా చిన్న చిన్న ట్రిప్పులే వేసేవాళ్లు రెండు వారాలకోసారి డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోల్ కొంచెం ఆయిల్లోకి దిగి దాన్ని పల్చన చేస్తుంది. పెట్రోల్ వాసన గట్టిగా వస్తున్నా, పోసిన లెవెల్ కన్నా పైకి కనిపిస్తున్నా కిలోమీటర్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించి, ఇంజెక్టర్లు ఒకసారి చెక్ చేయించండి.