గిరాకీ ఉన్నా గల్లా నిండని కిరాణా దుకాణం: సమస్యలు - పరిష్కారాలు

చిన్న పట్టణంలో కిరాణా దుకాణం కుంటుపడినప్పుడు యజమాని మొదట చెప్పే మాట "బేరాల్లేవు" అన్నది, మొదట చేసే పని కొత్త అప్పు తేవడం. ఆ మాట చాలాసార్లు సగమే నిజం. ఆ పని దాదాపు ఎప్పుడూ తొందరపాటే. ఇంతకుముందు పెట్టిన పెట్టుబడి అరల్లో ఇరుక్కుందా, ఖాతా పుస్తకంలో ఇరుక్కుందా, ఇంటి ఖర్చుల్లో కరిగిపోయిందా అన్నది తేల్చుకోకుండా తెచ్చిన అప్పు కూడా చివరికి ఆ దారినే పోతుంది. అందువల్ల కింది లక్షణాల్లో దేన్నయినా పరిశీలించే ముందు, ఒక పూట దుకాణం మూసి మూడు అంకెలు కాగితం మీద రాసుకోవాలి: కొన్న ధర ప్రకారం ఉన్న సరుకు విలువ, ఖాతాదారుల నుంచి రావలసిన బాకీ, డిస్ట్రిబ్యూటర్లకూ టోకు వర్తకులకూ వడ్డీ వ్యాపారులకూ ఇవ్వవలసిన మొత్తం.

లక్షణం: రోజంతా బేరం ఉంటుంది, సాయంత్రం డిస్ట్రిబ్యూటర్‌కు ఇవ్వడానికి డబ్బుండదు

దీనికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం అవసరానికి మించిన సరుకు. నెలకు 3 లక్షల రూపాయల అమ్మకం, అందులో 12 శాతం స్థూల లాభం (అమ్మిన ధరలో కొన్న ధర పోగా మిగిలేది) ఉన్న దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అమ్ముడైన సరుకు కొన్న ధర 2.64 లక్షలు, అంటే రోజుకు 8,800 రూపాయలు. అరల్లో 6.6 లక్షల సరుకు ఉందంటే అది 75 రోజుల అమ్మకానికి సరిపడా ఉన్నట్టు. దాన్ని 45 రోజులకు తగ్గించగలిగితే, ఎవరి గుమ్మం తొక్కకుండానే 2.64 లక్షలు చేతికి వస్తాయి. నెలాఖరులో తన టార్గెట్ పూర్తి చేసుకోవడానికి సేల్స్‌మన్ "పది పెట్టెలకు ఒకటి ఉచితం" అని అంటగట్టే సరుకే ఈ నిల్వలో పెద్ద భాగం. ఆ ఉచిత పెట్టె లాభం కావాలంటే మిగతా పదీ త్వరగా అమ్ముడుపోవాలి. మూడు నెలలు పడి ఉంటే ఆ లాభాన్ని వడ్డీయే తినేస్తుంది.

పరిష్కారం రెండు దశల్లో జరగాలి. మొదట, గత నెలలో ఒక్కటైనా అమ్ముడుపోని సరుకులన్నీ వేరుచేసి, గడువు తేదీ దగ్గరపడుతున్నవాటిని వెనక్కి తీసుకోవడమో మార్చి ఇవ్వడమో కుదురుతుందేమో డిస్ట్రిబ్యూటర్‌ను అడగాలి. ఈ విషయంలో కంపెనీకో పద్ధతి ఉంటుంది కాబట్టి, గడువు తీరాక కాక తీరకముందే అడగడం ముఖ్యం. వెనక్కి పోనివాటిని కొన్న ధరకో, అంతకంటే కొంత తక్కువకో వదిలించుకోవాలి. నష్టానికి అమ్మడానికి చాలామంది మనసొప్పదు, కానీ లెక్క వేసి చూడాలి. 10,000 రూపాయల కదలని సరుకును 9,000కు అమ్మి, ఆ డబ్బును పదిహేను రోజులకోసారి తిరిగే బియ్యం, నూనె, చక్కెర వంటివాటిలో పెడితే, కొన్న ధర మీద 6 శాతమే మిగిలినా తిరిగిన ప్రతిసారీ 540 రూపాయలు వస్తాయి. పోయిన వెయ్యి ఒక నెలలో పూడిపోతుంది. రెండో దశలో, ఏ సరుకు కొనాలన్నా గత నెల అమ్మకమే కొలతగా పెట్టుకుని, టోకు బజారు దగ్గరలో ఉన్నవారు వారానికి సరిపడా మాత్రమే తెచ్చుకోవాలి.

నిల్వ సరిగానే ఉండి కూడా గల్లా ఖాళీ అవుతుంటే ఇంటివైపు చూడాలి. పూర్వం గల్లాపెట్టెలోంచి తీసిన నోటు కనీసం కంటికి కనిపించేది. ఇప్పుడు కౌంటర్ మీది క్యూఆర్ కోడ్ కొడుకు ఖాతాకో భార్య ఖాతాకో కలిపి ఉంటే, దుకాణం డబ్బు పెట్రోలుకూ రీచార్జికీ పోయిన సంగతే తెలియదు. దుకాణం పేరిట కరెంట్ ఖాతా తెరిచి క్యూఆర్ కోడ్‌ను దానికి కలపాలి. యజమాని తనకు నెలకింత అని జీతం నిర్ణయించుకోవాలి. ఇంటికి పోయే పప్పు ఉప్పులను కూడా కొన్న ధరకు ఖాతాలో రాయాలి.

లక్షణం: ఖాతా పుస్తకం లావెక్కుతోంది, వసూళ్లు రావడం లేదు

అరువు పూర్తిగా మానేస్తే కిరాణా నడవదని అందరికీ తెలుసు. అసలు సూపర్ మార్కెట్టు ఇవ్వలేనిదీ, వీధి దుకాణం ఇవ్వగలిగేదీ అదే. సమస్య అరువులో కాదు, అరువుకు హద్దూ గడువూ లేకపోవడంలో ఉంది. బాకీలను 30 రోజుల లోపువి, 30 నుంచి 90 రోజులవి, 90 రోజులు దాటినవి అని మూడుగా విడదీసి చూస్తే, మొదటి గుంపు వ్యాపారమనీ, మూడో గుంపు చాలావరకు మునిగిన సొమ్మనీ అర్థమవుతుంది. ప్రయత్నమంతా మధ్య గుంపు మీద పెట్టడం మేలు.

వసూలుకు వెళ్లేటప్పుడు మొత్తం ఒకేసారి అడగడం కంటే, జీతం వచ్చే తేదీకో పంట చేతికొచ్చే రోజులకో ముడిపెట్టి వాయిదాలు మాట్లాడుకోవడం ఫలితమిస్తుంది. పాత బాకీ వాయిదా కట్టిన ఇంటికే కొత్త అరువు ఇవ్వాలి. ఇంటికింత అని పరిమితి పెట్టి, అది ఖాతాదారుకు ముందే చెప్పాలి. పెద్ద బాకీలకు పుస్తకంలో తేదీతో సంతకం తీసుకోవడం మరవకూడదు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, చెల్లింపు గడువు ఏదీ మాట్లాడుకోకుండా అమ్మిన సరుకు బాకీకి, సరుకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్ల లోపే దావా వేయాలి. ఆ గడువు తీరకముందు బాకీదారు రాతపూర్వకంగా బాకీని ఒప్పుకుని సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కకు వస్తాయి. కిరాణా బాకీకి కోర్టు దాకా వెళ్లేవారు అరుదే అయినా, సంతకం పెట్టిన మనిషి మాట తప్పడానికి కాస్త వెనకాడతాడు.

లక్షణం: అమ్మకాలు పెరిగాయి, మిగులు మాత్రం తగ్గింది

పక్క దుకాణంతో పోటీపడి ధర తగ్గించడమే ఇక్కడ మొదటి అనుమానం. 80 రూపాయలకు కొన్నది 100కు అమ్మితే మిగిలేది 20. అందులో 5 రూపాయలు తగ్గిస్తే గిరాకీదారుకు కలిసివచ్చేది 5 శాతమే, కానీ యజమాని లాభంలో నాలుగో వంతు పోయినట్టు. పాత లాభమే రావాలంటే అమ్మకం మూడో వంతు పెరగాలి. జనం ధర గుర్తుపెట్టుకునే సరుకులు కొన్నే ఉంటాయి: నూనె ప్యాకెట్, కందిపప్పు, చక్కెర, బియ్యం వంటివి. తగ్గింపు వాటికే పరిమితం చేసి, పోపు దినుసులు, పూజా సామగ్రి, విడిగా తూచి ఇచ్చే ఎండుఫలాల వంటివాటిలో లాభం నిలుపుకోవాలి. తూకంలో పోయే తరుగు, ఎలుకలూ పురుగులూ చేసే నష్టం, టోకు ధర పెరిగినా మార్చని పాత ధర కూడా ఈ పద్దు కిందికే వస్తాయి. నెలకోసారి కొనుగోలు బిల్లులను అమ్మకం ధరలతో పోల్చి చూస్తే ఇవి బయటపడతాయి.

లక్షణం: సంపాదనంతా కిస్తీలకే పోతోంది

డైలీ ఫైనాన్స్ లెక్కను ఒకసారి విడమరచి చూడాలి. 10,000 అని రాయించుకుని 9,000 చేతికిచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తారు. "వెయ్యి రూపాయలే కదా వడ్డీ" అనిపిస్తుంది, కానీ అసలు రోజురోజుకూ తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి, నిజానికి పడేది నూటికి నెలకు ఆరు రూపాయలకు పైగానే. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే గుండెలు బాదుకునేవారు కూడా దీన్ని కిమ్మనకుండా కడుతుంటారు. 12 శాతం స్థూల లాభంతో నడిచే దుకాణం ఈ వడ్డీని ఎక్కువ కాలం మోయలేదు.

నిల్వ తగ్గించగా వచ్చిన డబ్బును ముందుగా ఈ అప్పు తీర్చడానికే వాడాలి, ఆ తర్వాతే నూటికి ఎక్కువ వడ్డీ పడే చేబదుళ్లు. ఒక ఫైనాన్స్ తీర్చడానికి ఇంకో ఫైనాన్స్ తీసుకోవడం, చీటీని భారీ తగ్గింపుతో పాడుకోవడం ఆపేయాలి. లెక్కలు కుదుటపడ్డాక నిర్వహణ పెట్టుబడి కావలసివస్తే, హామీ లేకుండా ముద్రా రుణం కోసం బ్యాంకును అడగవచ్చు. 2015లో మొదలైన ఈ పథకంలో 50,000 వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ అనే తరగతులున్నాయి. ఇప్పటికే బ్యాంకు రుణం ఉండి కిస్తీలు తప్పుతుంటే, మేనేజర్ ఫోన్ ఎత్తకుండా తిరగడం కంటే మొదట రాసుకున్న ఆ మూడు అంకెల కాగితం పట్టుకుని ఎదురుగా వెళ్లడం మంచిది. బకాయి 90 రోజులు దాటితే ఖాతా నిరర్థక ఆస్తిగా, అంటే బ్యాంకు లెక్కలో మొండి బాకీగా మారుతుంది, ఆ తర్వాత మాట్లాడగలిగేది చాలా తక్కువ.

లక్షణం: నిజంగానే గిరాకీ తగ్గింది

రోజుకు ఎన్ని బిల్లులవుతున్నాయి, ఒక్కో బిల్లు సగటున ఎంత అన్నవి రెండు వారాలు రాసి చూడాలి. బిల్లుల సంఖ్య నిలకడగా ఉండి సగటు పడిపోతే, నెల సరుకు డీమార్ట్ వంటి చోటికి పోయి, అత్యవసరాలకే మీ దగ్గరికి వస్తున్నారని అర్థం. అప్పుడు ధరతో పోటీపడే కంటే వాట్సాప్‌లో సరుకుల చీటీ తీసుకుని ఇంటికి చేర్చడం, పాలు, పెరుగు, కూరగాయల వంటి రోజువారీ సరుకులు పెంచడం నయం. సంఖ్యే తగ్గితే, ముందుగా "లేదు" అని ఎన్నిసార్లు చెప్పాల్సి వస్తోందో లెక్కపెట్టాలి. డబ్బంతా కదలని సరుకులో ఉండటం వల్ల కదిలే సరుకు తేలేకపోవడమే చాలా దుకాణాల్లో అసలు సంగతి.

ఇవన్నీ చేసినా తేరుకోకపోతే

అద్దె, కరెంటు, పనివాడి జీతం, యజమాని జీతం కలిపి నెలకు 36,000 అనుకుంటే, 12 శాతం లాభంతో రోజుకు 10,000 అమ్మితేనే సరికి సరి. వరుసగా రెండు మూడు నెలలు దానికి చాలా దూరంగా ఉంటే, అద్దె తక్కువ చోటికి మారడమో మూసివేయడమో ఆలోచించాలి. బంగారం కుదువపెట్టి లాగడం మాత్రం వద్దు. మూసేటప్పుడు కొనుగోళ్లు ముందుగా ఆపి, ఉన్న సరుకు అమ్ముకుంటూ, అడ్వాన్సును ఆఖరి నెలల అద్దెకు సర్దుకునేలా, దుకాణం గది అద్దెకిచ్చినవారితో మాట్లాడుకోవాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు దాన్ని రద్దు చేయించుకోవాలి. సాధారణ పద్ధతిలో రిజిస్టర్ అయినవారు రద్దయిన మూడు నెలల్లోగా జీఎస్టీఆర్-10 అనే తుది రిటర్ను కూడా దాఖలు చేయాలి, లేకపోతే ఆలస్య రుసుము పడుతుంది.